చాపల పెద్దమ్మ, సంచి దొర

పోయిన నెల చాపల పెద్దమ్మ శవపేటిక ముందు నిలబడి మా పాస్టరు గారు చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా ఆమెకు అతకదు. "మన సహోదరి సాత్వికురాలు. మృదువుగా మాట్లాడేది. సంఘానికి ఏనాడూ ఎదురు చెప్పలేదు," అన్నారు. పెట్టెలో ఉన్నది వేరే ఎవరో అయి ఉండాలనుకుని వంగి చూశాను. ఆమే. కింది పెదవి ముందుకు పెట్టుకుని, ఎవరినో తిట్టబోయి ఆగినట్టే ఉంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "విదేశాల నుంచి వచ్చిన దైవసేవకుడు మన మధ్య జబ్బు పడితే, మన సంఘం తరఫున ఆమె కన్నతల్లిలా సేవ చేసింది," అన్నారు. మన సంఘం తరఫున! అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చినా ఆరలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా ఆరలేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. సరే, మంచే చెబుతాను. ఆమె కోపిష్ఠి.

మాది భద్రాచలం. యాత్రికుల బస్సులు ఆగే చోటు దాటి, అడవి ఊళ్ళకు పోయే రోడ్డు పక్కన రేకుల కప్పుతో ఉంటుంది మా ప్రార్థనా మందిరం. బొగ్గు గనుల్లో పనిచేసి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కొన్ని, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మరికొందరు. నేను ఇక్కడి సర్కారు బడిలో ఇంగ్లీషు చెబుతాను, ఆదివారం పొద్దున మందిరంలో పిల్లలకు వాక్యం చెబుతాను. పెద్దమ్మ పని చాపలు. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. వెనక గదిలో నిలబెట్టి ఉండే చాపల చుట్టలను ఒక్కొక్కటిగా చంకన పెట్టుకొచ్చి, దులిపి, అంచుకు అంచు కలిపి పరిచేది. ఎవరైనా సాయం వస్తే వంకరగా పరిచారని మళ్ళీ తీసేసేది. పిల్లలు చెప్పులతో తొక్కితే చుట్టిన చాపతో మోకాళ్ళ మీద ఒక్కటిచ్చేది. చిన్నప్పుడు ఆ దెబ్బ తినని విశ్వాసి మా సంఘంలో లేడు.

ఒకసారి కమిటీ వాళ్ళు కొత్త మెత్తటి చాపలు కొని, ముందు వరుసలో పరవమన్నారు. ఆమె వాటిని అన్నిటికన్నా వెనక పరిచింది. కమిటీ పెద్ద వచ్చి అడిగితే నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముందల కూసునేటోళ్ళు ఆటోలల్ల వచ్చిండ్రు. ఎనుక కూసునేటోళ్ళు ఊళ్ళకెల్లి నడిసొచ్చిండ్రు. మెత్తటియి ఎవరికియ్యాలె? నువ్వే చెప్పు."

ప్రసంగం ముగింపుకొచ్చి "చివరగా" అని పాస్టరు గారు మూడోసారి అన్నారంటే, ఆమె తన చాప అంచు మెల్లగా చుట్టడం మొదలుపెట్టేది. ఆయన చూపు అటు పోయేది. ఇంకో నాలుగు మాటల్లో ఆమెన్ వచ్చేది. మైకు పెద్దగా పెడితే, "దేవునికి చెముడా అయ్యా?" అని కూర్చున్న చోటి నుంచే అరిచేది. ప్రార్థన కూడా తగాదాలాగే చేసేది. అందరం తలవంచి, చేతులు ముడిచి, కళ్ళు మూసుకునేవాళ్ళం. ఆమె కుడిచేయి ముందుకు చాపి, అరచేయి పైకి పెట్టి, కళ్ళు తెరిచే మాట్లాడేది. "ప్రభువా, నువ్వు మాటిచ్చినవ్. నేను యాది మరువలే. ఇయ్యి." ఇచ్చిన వస్తువు తిరిగి అడిగేవాళ్ళు అలా చేయి పెడతారు. చిన్నప్పుడు నాకది మర్యాదలేనితనంగా కనిపించేది. ఇప్పుడు, గ్రంథంలో దేవునితో పోట్లాడిన భక్తులందరినీ చదివాక, మా మందిరంలో ప్రార్థన చేయడం తెలిసింది ఆమె ఒక్కదానికేనేమో అనిపిస్తుంది.

ఇక పాస్టరు గారు దైవసేవకుడన్న ఆ కుర్రాడి సంగతి. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో దిగాడతను. తలకన్నా ఎత్తున వీపు మీద సంచి, దానికి వేలాడుతూ ఒక గిన్నె, ఒక టార్చిలైటు, తడి తువ్వాలు. పిల్లలు ఒక్క పూటలో "సంచి దొర" అని పేరు పెట్టేశారు. వాళ్ళ దేశంలో చదువైపోయిన పిల్లలు ఒక ఏడాది అలా సంచి వేసుకుని బయలుదేరతారట. దొరికిన ఊళ్ళో దొరికిన పని చేసి, పడక, తిండి సంపాదించుకుని, చూడవలసినవి చూసుకుని, మళ్ళీ ఇంకో ఊరు. "నాకు సెలవూ ఇదే, పనీ ఇదే," అని నాతో అన్నాడు. అంతకుముందు వేరే దేశంలో తోటల్లో పండ్లు కోశాడు. తర్వాత మన దేశం వచ్చి, రాష్ట్రం అవతలి అడవి ఊళ్ళల్లో కొన్ని వారాలు తిరిగాడు. మందిరం పక్కన పాస్టరు గారికి చిన్న ఇంగ్లీషు మీడియం బడి ఉంది. పొద్దున పూట పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడితే మందిరం వెనక గది, రెండు పూటలా అన్నం అన్నది ఒప్పందం.

మొదటి రోజులు అతనికి మా ఊరు అస్సలు అర్థం కాలేదు. బస్టాండులో ఎవరిని ఏం అడిగినా రాములవారి గుడికి దారి చూపించారు. మందిరం కోసం మూడు వైపులా తిరిగి మూడుసార్లూ గుడి మెట్ల దగ్గరే తేలాడు. వంతెన మీద నిలబడి నీళ్ళు చూస్తూ మెడ అంతా కమిలిపోయేలా ఎండకు కాలాడు. మిరపకాయ బజ్జీ తిని కళ్ళనీళ్ళు కారుతుంటే, బండివాడు ఊరికే ఇంకోటి చేతిలో పెట్టాడు. అది కూడా తిన్నాడు. రెండు తెలుగు మాటలు నేర్చుకున్నాడు, "అన్నం", "చాలు". రెండోది ఎవరూ వినిపించుకోరని కూడా నేర్చుకున్నాడు.

అతనికిచ్చిన గదే చాపల గది. ఆ సంగతి పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. తలుపు తీసేసరికి ఆమె చాపల చుట్టలు నేల మీద పరుచుకుని, బూట్లతో సహా నిద్రపోతున్నాడు.

"ఓ తెల్లకొంగా! లే! దేవుని చాపల మీద బూట్లా? ఏంది గీ వాసన? ఎన్నడన్న కాళ్ళు కడుక్కున్నవా?"

అతను లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆమె కొంగుతో ముక్కు మూసుకుని, రెండు వేళ్ళతో బూట్లు పట్టుకుని బయట వానలోకి విసిరేసింది. అతను నవ్వాడు. "నవ్వుతున్నడు సూడు, సిగ్గు లేదు," అని నాతో అంది. మర్నాడు చనిపోయిన తన భర్త తోలు చెప్పులు తెచ్చి అతని ముందు పడేసింది. వెంటనే అరచేయి చాపి చూపించింది. తిరిగి ఇవ్వాలని. భాష అక్కర్లేకుండానే అర్థమైంది అతనికి.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఆరాధనకు కొత్తగా ఎవరు వచ్చినా నిలబడి పేరు, ఊరు చెప్పి, సాక్ష్యం చెప్పాలి. ప్రభువు తన బతుకులో ఏం చేశాడో నలుగురి ముందు ఒప్పుకోవడం అన్నమాట. మంచి అలవాటే. నేను దాని మీదే పెరిగాను. ఇంకొక అలవాటు కూడా ఉంది, అది మంచిది కాదు. తెల్లతోలు కనిపిస్తే మేం కుర్చీ వేస్తాం. మా తాతల కాలంలో మందులూ బడీ తెచ్చింది తెల్లదొరలు కాబట్టి, తెల్లగా ఉన్నవాళ్ళందరూ దైవజనులే అనుకుంటాం. ఆ ఆదివారం వెనక చాప మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్న కుర్రాణ్ణి పాస్టరు గారు పిలిచి, వేదిక మీద తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. సాక్ష్యం చెప్పమన్నారు. పాస్టరు గారి బావమరిది తెలుగులో చెప్పడానికి పక్కన నిలబడ్డాడు.

కుర్రాడు ఇంగ్లీషులో చెప్పింది ఇది. "నాకు దేవుడి సంగతి పెద్దగా తెలీదు. నది చూద్దామని వచ్చాను. పిల్లలకు ఇంగ్లీషు చెబితే గది ఇచ్చారు. అన్నం బాగుంది. థాంక్యూ."

బావమరిది తెలుగులో చెప్పింది ఇది. "ఈ గోదావరి తీరంలో నశించిపోతున్న ఆత్మలను చూసి, ఆత్మీయ ఆహారం పంచమని ప్రభువు నన్ను పంపించాడు!"

హల్లెలూయా అన్నారు జనం. పెద్దమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. "పిలగాడు గింత చెప్తె గాయన గంత చెప్పిండేంది? నిజంగ ఏమన్నడు?" ఉన్నది ఉన్నట్టు చెవిలో చెప్పాను. ఆమెకు చెవిలో చెప్పినా ఊరంతటికీ చెప్పినట్టే.

"అయ్యా! పిలగాడు అన్నం బాగుందన్నడట! ఆత్మలేడికెల్లి వచ్చినయి?"

మందిరం గొల్లుమంది. కుర్రాడు కూడా, ఏమిటో తెలియకపోయినా, నవ్వాడు. పాస్టరు గారు నవ్వలేదు.

ఆ వారంలోనే రోడ్డు మీద ఫ్లెక్సీ లేచింది. ఆదివారం స్వస్థత కూడిక. విదేశీ దైవజనుల ప్రార్థన. రోగులను తీసుకురండి. నడిమధ్య ఆ కుర్రాడి ఫొటో, ఆకాశంలోకి చూస్తున్నట్టు. నిజానికి అది పిల్లలు ఎగరేసిన గాలిపటం వైపు చూస్తుండగా తీసింది. బడి గేటు దగ్గర నన్ను ఆపి ఏం రాశారని అడిగాడు. చెప్పాను. మెడ, చెవులు ఎర్రబడ్డాయి. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి నేను చేయనని చెప్పాడు. మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలన్నారు. నేను కమిటీ వాళ్ళతో మాట్లాడితే, "మీ ఇంగ్లీషు మీ బడిలో చూపించుకోండమ్మా," అన్నారు. శనివారం బస్సుకు వెళ్ళిపోతానని కుర్రాడు సంచి సర్దుకున్నాడు. శుక్రవారం అతనికి చలి మొదలైంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ అడవి అంచున పుట్టినవాళ్ళకు చలిజరం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. పళ్ళు టకటకా కొట్టుకోవడం, తర్వాత ఒళ్ళు కాలిపోవడం, తర్వాత చెమటలు, మళ్ళీ మొదటికి. ప్రతి ఇంట్లో ఒకరికి వచ్చి ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో ఒకరిని తీసుకుపోయి ఉంటుంది. పాస్టరు గారికి తెలుసు. బావమరిదికి తెలుసు. కమిటీలో అందరికీ తెలుసు. తెలియక జరిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆదివారం పొద్దున్నే ఆటోలు, ట్రాక్టర్లు వచ్చాయి. పర్ణశాల వైపు నుంచి కొందరు, జూలూరుపాడు నుంచి కూడా కొందరు. లేవలేని ముసలివాళ్ళను మోసుకొచ్చారు. పెద్దమ్మ చాపల కోసం వెనక గదికి పోయింది. జనం ఎక్కువ కదా, మొయ్యడానికని నేనూ వెంట పోయాను. లోపల బావమరిది ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి తెల్లచొక్కా బొత్తాలు పెడుతున్నాడు. కుర్రాడి పళ్ళు కొట్టుకునే చప్పుడు గుమ్మం దాకా వినిపిస్తోంది. పాస్టరు గారు పక్కనే ఉన్నారు.

"ఏంది గిది?" అంది పెద్దమ్మ.

"కొంచెం జ్వరం పెద్దమ్మా. ప్రార్థన చేసినం, తగ్గుతది. నువ్వు చాపలు తీస్కపో," అన్నారు పాస్టరు గారు.

ఆమె చేతి వెనకవైపుతో కుర్రాడి మెడ తాకి చూసింది. "కొంచెమా? రొట్టె కాల్చొచ్చు దీనిమీద. ఎప్పటికెల్లి?"

"మొన్నటి నుంచి," అన్నాడు బావమరిది, నేల చూస్తూ.

"మొన్నటికెల్లి చలిజరమొస్తే దవాఖానాకు తోల్కపోలే?"

"ఒక్క గంట కూసుంటే చాలు పెద్దమ్మా. సాయంత్రం తీస్కపోతం. ఇంతమంది విశ్వాసంతో వచ్చిండ్రు. వాళ్ళ విశ్వాసాన్ని పాడుచేస్తవా?"

"నీ కొడుక్కు జరమొస్తే కార్లేసుకోని ఖమ్మం ఉరికినవ్ గదయ్యా. గప్పుడు నీ విశ్వాసం యాడ పెట్టొచ్చినవ్?"

ఆమె చాపల చుట్ట ఒకటి కింద పడేసి, పక్క మీది దుప్పటి లాగి కుర్రాడికి చుట్టింది. తన భర్త చెప్పులు కాళ్ళ దగ్గరికి తోసింది. "లే కొంగా, లే." అతను లేచి ఆమె భుజం మీద వాలాడు. రెండో వైపు నేను పట్టుకున్నాను. గదికి వెనక తలుపు ఉంది. అటు నుంచి పోతే ఎవరికీ తెలిసేది కాదు. పాస్టరు గారు ఆ తలుపే చూపించారు. ఆమె మందిరంలోకి తెరుచుకునే తలుపు తన్నింది.

నిండిన మందిరం మధ్యలో నుంచి, తెల్లచొక్కా మీద దుప్పటి కప్పుకుని గడగడా వణుకుతున్న విదేశీ దైవజనుణ్ణి నడిపిస్తూ, ఆమె మైకు అక్కర్లేని గొంతుతో చెప్పింది.

"చూడుండ్రి! మీ రోగాలు తీసేటి దొర గీయన్నే. ఈయనకు చలిజరం. దవాఖానాకు పోతున్నడు. మీరు గూడ నడువుండ్రి. దేవుడు ఆడ గూడ ఉంటడు!"

ఒక పడుచుపిల్ల, భుజాన మూలుగుతున్న బిడ్డతో, లేచి మా వెనకే వచ్చేసింది. బయట ఆటో అబ్బాయి అడిగాడు. "ఎంతమంది పెద్దమ్మా?"

"వట్టినంతమంది. జల్దీ పోనీ."

రక్తం చూసి మలేరియా అన్నారు. ఇంకొక రోజు ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదన్నారు డాక్టరమ్మ. ఆ పడుచుపిల్ల బిడ్డకూ అదే. ఇద్దరూ బతికారు. దవాఖానాలో ఉన్నన్నాళ్ళూ పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని కుర్రాణ్ణి తిడుతూనే గంజి పట్టింది. "తాగు. నవ్వకు. తాగు." అతను "చాలు" అంటే వినిపించుకోలేదు. వెళ్ళేరోజు బస్టాండులో అతను వంగి ఆమె చేయి పట్టుకోబోయాడు. ఆమె అరచేయి చాపింది. ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వి చెప్పులు విప్పి ఇచ్చాడు. ఆమె తిరగేసి అడుగులు చూసింది. "అరగదీసిండు," అంది. బస్సు కదిలాక వాటిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆ బెంచీ మీదే కూర్చుంది.

ఆ కూడిక తర్వాతి వారం కమిటీ కూర్చుంది. కుర్రాడికి ఎలా ఉందని కాదు. సంఘాన్ని నలుగురిలో అవమానపరిచినందుకు ఆమె మందిరంలో నిలబడి క్షమాపణ చెప్పాలన్నారు. చెప్పేదాకా ప్రభువు బల్లలో ఆమెకు పాలు లేదన్నారు. నెలకొకసారి, మొదటి ఆదివారం, అందరం పంచుకునే ఆ రొట్టె, ద్రాక్షారసం ఆమెకు మాత్రం ఇవ్వరన్నమాట.

ఆమె లేచి నిలబడింది. "నేను చాపల కోసం పోయిన. ఆడ మనిషి దొరికిండు. చాపలు తేనందుకు క్షమాపణ చెప్పాల్నా, మనిషిని తెచ్చినందుకా? ఏది తప్పో చెప్పుండ్రి, చెప్త." జవాబుగా వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నారు. ఇక చాపల పని లేదన్నారు.

ఆమె రావడం మానలేదు. కుర్చీల మందిరంలో గుమ్మం పక్కన తన ఈతచాప ఒక్కటే పరుచుకుని కూర్చునేది. మొదటి ఆదివారం పళ్ళెం వచ్చినప్పుడు కుడిచేయి చాపేది. అరచేయి పైకి. పాస్టరు గారు ఆ చేతిని దాటుకుని పక్కవాళ్ళకు ఇచ్చేవారు. పళ్ళెం చివరి వరుసకు చేరేదాకా చేయి అలాగే ఉంచి, తర్వాత చీరకు తుడుచుకుని, పైకి చూసి, అందరికీ వినిపించేలా అనేది. "ఇంకా ఇయ్యలే ప్రభువా. చూస్తున్నవా?"

ప్రతి నెలా ఇదే. ఒకసారి నేనే ఉండబట్టలేక, ఊళ్ళో ఇన్ని మందిరాలున్నాయి కదా, వేరే చోటికి పోదాం రా అన్నాను. నా మీదే విరుచుకుపడింది. "వేరే కాడ రొట్టె దొరకదా? దొరుకుతది. ఈడ నా చెయ్యి గీళ్ళకు కనవడాలె. కనవడకపోతే తప్పు జేసింది మరిసిపోతరు."

అయోగ్యంగా తినకూడదని వాక్యంలో ఉందని మా పాస్టరు గారు ఇప్పటికీ చెబుతారు. ఉంది. నేనూ చదివాను, పిల్లలకు నేర్పాను. కానీ ఆ బల్ల మొదట వేసిన రాత్రి, తనను శత్రువులకు అప్పగించబోయే శిష్యుడు పక్కనే చేయి చాపితే ప్రభువు తోసెయ్యలేదని కూడా ఉంది. ముందే తెలిసి కూడా పెట్టాడు. మరి జ్వరంతో ఉన్న పరదేశిని భుజాన వేసుకున్న చేతిని తోసెయ్యడానికి వీళ్ళెవరు? బల్ల వీళ్ళ నాన్నగారు చేయించిందా? నా విశ్వాసం సడలిందని కమిటీలో అనుకుంటున్నారట. విశ్వాసం ఉంది కాబట్టే ఇంత కోపం. లేకపోతే నవ్వుకుని ఇంట్లో కూర్చునేదాన్ని.

ఆ చేయి చాపి చాపి, రొట్టె ముట్టకుండానే ఆమె పోయింది. పెట్టెలో పెట్టేముందు ఆ చేయి ముడిచి గుండె మీద పెట్టారు. పాస్టరు గారు ఆమెను మన సంఘపు నమ్మకమైన సభ్యురాలన్నారు.

మొన్న, ఈ నెల మొదటి ఆదివారం, నేను కుర్చీలో కూర్చోలేదు. ఆమె ఇంటి నుంచి ఈతచాప తెచ్చి గుమ్మం పక్కన పరిచాను. ఆనాడు బిడ్డను ఎత్తుకుని ఆటో ఎక్కిన ఆ పడుచుపిల్ల వచ్చి, అడక్కుండానే నా పక్కన కూర్చుంది. ఆ బిడ్డ ఇప్పుడు నడుస్తున్నాడు. చెప్పులతో చాప తొక్కబోతే వాడి మోకాలి మీద ఒక్కటిచ్చింది.

పళ్ళెం మా దగ్గరికి వచ్చింది. నేను చేయి చాపి, రొట్టె తీసుకోకుండా అన్నాను. "అయ్యగారూ, ఆమెకు ఎందుకివ్వలేదో ముందు సంఘానికి చెప్పండి."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అన్నారు గొంతు తగ్గించి. పళ్ళెం నా పక్కనున్న పిల్ల వైపు జరిపారు.

ఆ పిల్ల కూడా అరచేయి చాపింది. వేళ్ళు మాత్రం రొట్టె వైపు పోలేదు. "పెద్దమ్మ సంగతి చెప్పినంకనే ఇయ్యి అయ్యా," అంది.

కుర్చీల్లో తలలు ఇటు తిరిగాయి. ఆయన కాసేపు మా రెండు చేతుల మధ్య పళ్ళెం పట్టుకుని నిలబడి, మమ్మల్ని దాటుకుని పక్క వరుసకు పోయారు. పోనివ్వండి. వచ్చే నెల కూడా మొదటి ఆదివారం ఉంటుంది. చాప అక్కడే ఉంటుంది.